అప్‌డేట్: దీపానికి సీఈ గుర్తు ఎవరు ఇస్తారు?

యూరోపియన్ యూనియన్‌లో అమ్మదలచిన మా విద్యుత్ దీపానికి సీఈ గుర్తును (ఉత్పత్తి అక్కడి నిబంధనలకు లోబడి ఉందని చూపే గుర్తు) ఏ సంస్థ ఇస్తుందని లోగడ అడిగాను. మీ సమాధానాల తరువాత విద్యుత్ పరికరాల భద్రతపై అక్కడి చట్టమైన 2014/35 ‘లో-వోల్టేజ్’ (తక్కువ వోల్టేజ్) డైరెక్టివ్‌ను స్వయంగా చదివాను. ఆ గుర్తును ఎవరూ ఇవ్వరు. తయారీదారే తన బాధ్యతపై వేసుకోవాలి.

అలాగని పని తేలిక కాదు. ప్రమాదాల అంచనా, డిజైన్ చిత్రాలు, సర్క్యూట్ వివరాలు, అనుసరించిన ప్రమాణాల జాబితా, పరీక్షా నివేదికలు కలిపి సాంకేతిక పత్రాలను సిద్ధం చేసి, వాటి ఆధారంగా ఉత్పత్తి నిబంధనలకు లోబడి ఉందని చెప్పే అనుగుణ్యతా ప్రకటనపై సంతకం చేసి, ఉత్పత్తి మార్కెట్‌లోకి వచ్చిన నాటి నుంచి అన్నింటినీ 10 సంవత్సరాలు భద్రపరచాలి. హార్మొనైజ్డ్ ప్రమాణాలను (ఈ చట్టాల కోసం యూరోపియన్ ప్రమాణాల సంస్థలు రూపొందించిన సాంకేతిక ప్రమాణాలు) పాటించడం ఐచ్ఛికమే అయినా, పాటించినవారి ఉత్పత్తి ఆ ప్రమాణాల పరిధి మేరకు నిబంధనలకు లోబడి ఉన్నట్లు చట్టం భావిస్తుంది కనుక, మరో దారి వెతకడం (కనీసం మా వంటి చిన్న తయారీదారులకు) వృథా శ్రమ అనిపించింది. పరికరాలు ఒకదానికొకటి విద్యుదయస్కాంత అంతరాయం కలిగించకుండా చూసే విద్యుదయస్కాంత అనుకూలత డైరెక్టివ్ కూడా వర్తిస్తుంది. అక్కడా పద్ధతి దాదాపు ఇదే.

బ్లూటూత్ చేరిస్తే మాత్రం 2014/53 రేడియో పరికరాల డైరెక్టివ్ పరిధిలోకి వెళ్తాము. రేడియో స్పెక్ట్రం వినియోగానికి సంబంధించిన హార్మొనైజ్డ్ ప్రమాణాలను పూర్తిగా అనుసరించకపోతే అక్కడ నోటిఫైడ్ బాడీ (ఉత్పత్తిని పరిశీలించేందుకు అధికారికంగా గుర్తింపు పొందిన స్వతంత్ర సంస్థ) ప్రమేయం తప్పదు. అందువల్ల తొలి మోడల్‌ను బ్లూటూత్ లేకుండానే విడుదల చేయాలని నిర్ణయించాము.