చర్చ: జబ్బు ఖర్చుకు తప్పనిసరి పొదుపు – సింగపూర్ పద్ధతి మనకు పనికొస్తుందా?

పర్లాకిమిడి కిరాణా:
ఏ ఇంట్లో జబ్బు చేసినా మనిషి చెప్పకముందే నా ఖాతా పుస్తకం చెబుతుంది. కందిపప్పు, నూనె తగ్గుతాయి. సగ్గుబియ్యం, బ్రెడ్డు పెరుగుతాయి. రెండో నెలకు "విశాఖ వెళ్లి వచ్చాక ఇస్తాను అన్నగారూ" అన్న మాట వస్తుంది. ఇక్కడ ఒడిశాలో ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను. పెళ్లి బాకీలు ఎలాగో తీరతాయి, ఆసుపత్రి బాకీలు పొలం అమ్మితే గాని తీరవు.

మా మేనల్లుడు సింగపూర్‌లో స్థిరపడ్డాడు. దసరాకు వచ్చినప్పుడు తన పే స్లిప్పు చూపించాడు. అక్కడ 1984 నుంచి మెడిసేవ్ అనే ఖాతా ఉంది. ఉద్యోగి, యజమాని కలిసి కట్టే భవిష్య నిధిలోంచి, వయసును బట్టి జీతంలో 8 నుంచి 10.5 శాతం ఇప్పుడు దానికి వెళుతుంది. ఆ డబ్బుతో తన ఆసుపత్రి ఖర్చే కాదు, భార్యాబిడ్డలది, తల్లిదండ్రులది కూడా కట్టుకోవచ్చు. నాలాంటి వ్యాపారులకూ మినహాయింపు లేదు, ఏడాదికి నికర ఆదాయం 6,000 సింగపూర్ డాలర్లు దాటితే కట్టాల్సిందే. మనకూ అలాంటిది రావాలంటాను. ముందే దాచుకున్నవాడు ఎవరి గడపా తొక్కనక్కరలేదు. కాదనేవారు కారణం చెప్పండి.

బరంపురం మాస్టారు:
తమ్ముడూ, మీ మేనల్లుడు చెప్పింది నిజమే. అయితే నాలుగు కాళ్ల మంచంలో ఒక కాలే చూపించాడు.

అక్కడ బిల్లు రోగి చేతికి వచ్చేసరికే ప్రభుత్వం తన వంతు తీసేసి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రి సాధారణ వార్డులో ఆ రాయితీ ఆదాయాన్ని బట్టి 80 శాతం దాకా వెళుతుంది. మిగిలినది పెద్ద మొత్తమైతే మెడిషీల్డ్ లైఫ్ అనే బీమా ఆదుకుంటుంది. రోగి తన వంతుగా కట్టాల్సిన దానికి మెడిసేవ్ డబ్బు వాడతారు. అదీ లేనివారికి 1993లో 20 కోట్ల సింగపూర్ డాలర్ల మూలధనంతో మొదలుపెట్టిన మెడిఫండ్ అనే సహాయ నిధి ఉంది. అంటే మనిషి దాచుకున్న డబ్బు మీద పడే బరువు, అప్పటికే రెండు చేతులు ఎత్తి పట్టుకోగా మిగిలిన బరువు. ఆ రెండు చేతులూ లేకుండా ఒక్క పొదుపునే మన ఊళ్లకు తెస్తే ఏమవుతుందో ఆలోచించండి.

పొదుపు ఒక్కటే చాలితే ఆరేళ్లకే, 1990లో, వాళ్లు బీమా ఎందుకు తెచ్చారు? 2015 నవంబరు నుంచి దాన్ని పాత జబ్బులున్నవారితో సహా పౌరులందరికీ, శాశ్వత నివాసులకూ ఎందుకు వర్తింపజేశారు? పొదుపు వయసుతో పాటు పెరుగుతుంది, జబ్బు వయసు చూసి రాదు. ముప్పై ఏళ్లకే కిడ్నీలు పాడైన కుర్రవాడి ఖాతాలో ఎంత ఉంటుంది?

చికిటి వెల్డర్:
నేను సింగపూర్‌లో ఆరేళ్లు ఓడల పనిలో ఉన్నాను. వర్క్ పర్మిట్ మీద వెళ్లిన మాకు ఆ మెడిసేవ్ లేదు. యజమాని బీమా కొనాలి, అంతే. ఈ మాట కూడా లెక్కలో వేసుకోండి.

గుణుపురం మహిళా సంఘం:
అన్నగారూ, శాతం అంటున్నారు, దేని మీద తీస్తారు? జీడిపిక్కల కాలంలో మా చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి. వానాకాలంలో మా మిషన్ శక్తి పొదుపు సంఘానికి నెలకు కట్టే వంద రూపాయలు కూడా ఇద్దరు ముగ్గురు ఆలస్యంగా తెస్తారు. మేం పదకొండు మందిమి. ఆ డబ్బు ఎవరి పేరున వారికి బిగించి ఉంటే కిందటేడాది ఒక చెల్లెలి కాన్పు కష్టమైనప్పుడు రాత్రికి రాత్రి కారు కట్టగలిగేవాళ్లం కాదు. అందరిదీ ఒకచోట ఉంది కాబట్టే సరిపోయింది.

ఇంకో మాట. మా అత్తగారి గుండె ఆపరేషన్ ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద పైసా ఖర్చు లేకుండా జరిగింది. ఆ మేలు మరచిపోను. ఒడిశాలో 2018లో మొదలైన బిజు ఆరోగ్య పథకం స్థానంలో 2025లో ఆయుష్మాన్, గోపబంధు పథకాలు కలిసి వచ్చాయి. వైద్యానికి కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా, ఆడవాళ్లకు మరో 5 లక్షల దాకా. కానీ ఆయుష్మాన్ లెక్క ఆసుపత్రిలో చేరడానికి మూడు రోజుల ముందు మొదలై, ఇంటికి వచ్చిన పదిహేను రోజులకు ముగుస్తుంది. పదహారో రోజు నుంచి మాత్రలు ఎవరు కొనాలి? మందుల షాపులో అట్ట కత్తిరించి ఐదే ఇమ్మంటాను. ఒక్కో వారం ఆవిడ "నాకు బాగానే ఉందమ్మా" అని రోజు విడిచి రోజు వేసుకుంటుంది. బాగుండి కాదు, నా ముఖం చూసి.

పర్లాకిమిడి కిరాణా:
చెల్లెమ్మా, జీడితోటల్లో పనిచేసేవారి కూలిలో శాతం కోయమన్నట్టు నా మాట వినిపించి ఉంటే అది నా తప్పే. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీరు చెప్పిన పదహారో రోజు సంగతే నేను పొదుపు అనడానికి కారణం. ఆపరేషన్‌కు కార్డు ఉంది, మాత్రలకు ఏమీ లేదు. మనిషి వంద వేస్తే ప్రభుత్వం వంద వేసి, ఆ డబ్బు మందులకే వాడాలని నియమం పెడితే?

బరంపురం మాస్టారు:
ఆ రెండో వందతో ప్రభుత్వమే మందులు కొని ఆసుపత్రి కిటికీ దగ్గర ఇస్తే ఖాతాలు, లెక్కలు, తాళాలు ఏవీ అక్కరలేదు. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత మందులకు నిరామయ పథకం 2015 నుంచి ఉంది. మనం అడగవలసింది ఆ కిటికీ దగ్గర బీపీ, షుగరు మాత్రలు నెల పొడుగునా ఉండాలని. దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం. 2021–22 నాటికి 39.4 శాతానికి దిగింది. ఆ మధ్యకాలంలో మనమెవరం మెడిసేవ్ కట్టలేదు. అదే లెక్కల్లో ప్రభుత్వ వాటా పెరిగింది. మీకున్న బాధే నాకూ ఉంది తమ్ముడూ, డబ్బు ఎవరి సంచిలోంచి ముందు తీయాలన్న దగ్గరే మన దారులు వేరు.

గుణుపురం మహిళా సంఘం:
మాస్టారూ, కిటికీ దాకా వెళ్లడానికి బస్సు చార్జీ, పోయిన రోజు కూలి కూడా కలపండి. మాకు భువనేశ్వర్ కంటే విశాఖే దగ్గర. 2022లో అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా రాష్ట్ర కార్డు చెల్లదన్నారు, బంధువుల దగ్గర అప్పు చేసి కట్టాం. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది కాబట్టి ఆ ఒక్క విషయంలో నాకిప్పుడు ధైర్యంగా ఉంది.

పర్లాకిమిడి కిరాణా:
మాస్టారూ, ఇంకా పూర్తిగా ఒప్పుకోలేను. ఈ నెల నుంచి ఖాతా పుస్తకంలో ఆగిపోయిన బాకీల పక్కన ఒక గుర్తు పెడతాను. ఆసుపత్రిలో చేరినందుకు ఆగిందా, నెలనెలా మందులకు ఆగిందా, దారి ఖర్చుకు ఆగిందా అని. సంక్రాంతి నాటికి పేర్లు లేకుండా ఇక్కడ రాస్తాను.