రోమా 5:12లో "పాపమును... మరణమును": విభక్తి సంగతి, జన్మపాపం సంగతి

ప్రశ్న:

బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 5:12 ఇది: "ఇట్లుండగా ఒక మనుష్యునిద్వారా పాపమును పాపము ద్వారా మరణమును లోకములో ఏలాగు ప్రవేశించెనో, ఆలాగుననే మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను."

ప్రవేశించింది పాపమే కదా, మరి "పాపమును" అని ద్వితీయ ఎందుకు వచ్చింది? ఇంకొకటి. ఎవరి పాపం వాళ్లు చేసినందువల్లే చావు వచ్చిందని ఈ వాక్యం అంటున్నట్టుంది. ఆదాము పాపం మనకు పుట్టుకతో వస్తుందనే మాట ఇందులో ఎక్కడుందండీ?

జవాబు:

అది ద్వితీయ కాదండీ. "రాముడును లక్ష్మణుడును వచ్చిరి"లో ఉన్న సముచ్చయమే, అంటే రెంటినీ కలిపి చెప్పే "ను". వాడుకలో అయితే "పాపమూ, దాని ద్వారా మరణమూ ప్రవేశించాయి" అంటాం.

మీ రెండో ప్రశ్న మీద చాలా పెద్ద చర్చే నడిచింది. గ్రీకు మూలంలో అక్కడున్నది "ఎఫ్ హో" అనే చిన్న పదబంధం. ఇప్పటి అనువాదకుల్లో ఎక్కువమంది దాన్ని "ఎందుకంటే" అనే అర్థంలోనే తీసుకుంటారు. మన "చేసినందున" కూడా అదే. పాత లాటిన్ అనువాదంలో మాత్రం అది "ఇన్ క్వో" అయింది, అంటే "ఎవనియందు". లాటిన్‌లో చదివిన క్రైస్తవ వేదాంతి అగస్టీను (354–430) ఆ "ఎవడు" ఆదామేనని, మనుషులందరూ ఆదాములో ఉండి పాపం చేశారని అర్థం చెప్పాడు. మనిషి తన సంకల్పబలంతో పాపం లేకుండా బతకగలడన్న పెలాగియసుతో ఆయన వాదించిన కాలం అది. 418లో కార్తేజిలో కూడిన బిషప్పుల సభ పెలాగియసు బోధను ఖండించింది. 1546లో కతోలిక సంఘపు ట్రెంట్ సభ జన్మపాపం (ఆదాము వల్ల పుట్టుకతో వచ్చే పాపస్థితి) మీద తీర్మానం చేసినప్పుడు కూడా ఈ వచనాన్ని ఆ లాటిన్ రూపంలోనే ఉదాహరించింది. గ్రీకులో చదువుకున్న తూర్పు సంఘాలు వేరే దారిన ఆలోచించాయి. ఆదాము నుంచి మనకు వచ్చింది మరణమూ, చెడుకు లొంగే బలహీనతా; ఆయన చేసిన నేరం మాత్రం మన ఖాతాలో పడదని వాళ్ల బోధ.

అలాగని జన్మపాప సిద్ధాంతమంతా ఒక్క లాటిన్ మాట మీద నిలబడిందనుకోవడం పొరపాటు. 19వ వచనం చూడండి: "ఒక మనుష్యుని అవిధేయతవలన అనేకులు పాపులుగా ఏలాగు చేయబడిరో, ఆలాగే ఒకని విధేయతవలన అనేకులు నీతిమంతులుగా చేయబడుదురు." ఇక్కడ "చేయబడిరి" అని కర్మణి వాడారు, అంటే వాళ్లు చేసింది కాదు, వాళ్లకు జరిగింది. 12లో పాపం చేసినవాళ్లం మనమే, 19లో పాపులుగా చేయబడినవాళ్లమూ మనమే. పౌలు రెండూ అన్నాడు, ఒకదాని కోసం రెండోది వదులుకోలేదు.

12వ వచనంలో ఇంకో సంగతి ఉంది. తెలుగులో "ఏలాగు... ఆలాగుననే" అని ఉండటంతో పోలిక అక్కడే పూర్తయినట్టు అనిపిస్తుంది. గ్రీకులో పౌలు "ఏలాగైతే" అని మొదలుపెట్టి, మధ్యలో ధర్మశాస్త్రం వైపు మళ్లి, పోలికలోని రెండో సగాన్ని 18, 19 వచనాల్లో గానీ అందుకోడు. ఆ రెండో సగం క్రీస్తు. అందుకే 12ను ఒంటరిగా చదివితే ఆదాము మీద ఫిర్యాదులాగా మిగిలిపోతుంది.

ప్రశ్న:

"జన్మపాపం" అంటే చాలామంది పూర్వజన్మ పాపం అనుకుంటారు. "ఆదిపాపం" అనడం మేలు కాదా?

జవాబు:

రెండూ కావాలండీ. ఆదాము చేసిన పని ఆదిపాపం. దానివల్ల మనం ఏ స్థితిలో పుడుతున్నామో అది జన్మపాపం. లాటిన్ వేదాంతులూ ఈ రెంటినీ విడిగానే చెప్పారు. పూర్వజన్మ పాపమైతే నేనే చేసింది, అనుభవించేదీ నేనే. ఇక్కడ నేను చేసిందేమీ లేదు. వెలివేయబడ్డ తండ్రికి ఊరి బయట పుట్టిన బిడ్డలాంటి స్థితి. కతోలిక బోధ కూడా దీన్ని చేసిన పాపంగా కాక సంక్రమించిన స్థితిగానే చెబుతుంది, వ్యక్తిగత దోషం అనదు.

ప్రశ్న:

యెహెజ్కేలు 18:20లో "పాపము చేయువాడే మరణము నొందును" అని ఉంది. మరి ఏ పాపం చేయని యేసు సిలువ మీద చనిపోవడం దీనికి విరుద్ధం కాదా?

జవాబు:

నేరం లేనివాణ్ణి బలవంతంగా శిక్షిస్తే విరుద్ధమే. సువార్త చెప్పేది అది కాదు. మార్కు 10:45లో యేసు తన ప్రాణాన్ని "అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా" ఇవ్వడానికి వచ్చానంటాడు. "ఇచ్చుటకు" అన్న క్రియ ముఖ్యం, ఆయన ప్రాణాన్ని ఎవరూ లాక్కోలేదు. క్రయధనమంటే బానిసను విడిపించడానికి కట్టే సొమ్ము. అది ఎవరికి కట్టినట్టు అని ప్రాచీనులు చాలా వాదించారు. సాతానుకు అన్నవాళ్లూ ఉన్నారు, నజియాంజుకు చెందిన వేదాంతి గ్రెగరీ దాన్ని గట్టిగా తోసిపుచ్చాడు. నాకైతే ఆ పోలికను అంత దూరం లాగకూడదనిపిస్తుంది. పౌలు రోమా 5:19లో సొమ్ము మాట ఎత్తడు, "విధేయత" అంటాడు. ఆదాము తండ్రి మాట మీరాడు, యేసు ఆ మాట మీద సిలువ దాకా నిలబడ్డాడు. యెహెజ్కేలు తండ్రి దోషం కొడుకు మీద మోపవద్దంటున్నాడు, ఒకడు ఇష్టపూర్వకంగా మరొకడి భారం ఎత్తుకోవడాన్ని కాదనడం లేదు.