ఇల్లు ఇప్పుడే పిల్లల పేరిట రాయాలా, వీలునామాతో సరిపెట్టాలా?

జయనగర్ నివాసి:
మా స్వస్థలం అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాము. జయనగర్‌లోని ఇల్లు నా స్వార్జితం; ఊళ్ళోని పొలం మాత్రం పిత్రార్జితం. అమ్మాయి ఈ ఊళ్ళోనే ఉంటున్నది, అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. ఇల్లు ఇప్పుడే ఇద్దరి పేరిట గిఫ్ట్ డీడ్ చేయమని అమ్మాయి, ఇంటిని నిర్వాహకుల (ట్రస్టీల) చేతికి అప్పగించే ట్రస్టు పెట్టమని అబ్బాయి అంటున్నారు. నా మటుకు నాకు వీలునామా చాలుననిపిస్తున్నది. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, స్టాంపు డ్యూటీ ఉండదు, ఊపిరి ఉన్నంతవరకు ఇల్లు నా పేరిటే ఉంటుంది. విభేదించేవారు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

కోరమంగళ న్యాయవాది:
అయ్యా, నేను మీ అమ్మాయి పక్షం. వీలునామా రాయడం సులువే, దానిని రుజువు చేయడమే కష్టం. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, వివాదం వస్తే వారిలో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాలి. మనం సాక్షులుగా పెట్టేది ఎవరిని? పొద్దున్నే లాల్‌బాగ్‌లో కలిసి నడిచే మన ఈడు స్నేహితులనే. తీరా అవసరం పడేనాటికి వారు ఉంటారన్న నమ్మకం లేదు.

రిజిస్టరు చేయించినంత మాత్రాన వీలునామాపై అనుమానాలన్నీ తొలగిపోవు. మైసూరు ప్రాంతం నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన వెంకటాచల అయ్యంగార్ కేసు తీర్పును (1958) నేటికీ వీలునామా వ్యాజ్యాలలో ఉదహరిస్తూనే ఉన్నారు. ఎక్కువ లాభపడేవారే వీలునామా రాయించడంలో ముందుండి నడిపితే అది అనుమానించదగిన పరిస్థితేనని, ఆ అనుమానం తీర్చవలసిన భారం వారిదేనని అందులో చెప్పారు. మిమ్మల్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు కారులో తీసుకువెళ్ళేది ఊళ్ళో ఉన్న అమ్మాయే కదా. రేపు ఆమెకు వాటా ఎక్కువ వస్తే దూరాన ఉన్నవారికి దొరికే మొదటి ఆయుధం అదే.

గిఫ్ట్ డీడ్ అయితే మీ కళ్ళెదుటే ముగుస్తుంది. కర్ణాటకలో కుటుంబసభ్యుల మధ్య దానానికి స్టాంపు డ్యూటీ నామమాత్రమే. కన్న పిల్లలు పుచ్చుకున్నదానికి ఆదాయపు పన్ను పడదు. మీకూ అమ్మగారికీ జీవితాంతం అనుభవ హక్కు ఉండేలా దస్తావేజులోనే రాయించుకోవచ్చు.

మల్లేశ్వరం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
న్యాయవాది గారు చెప్పినవన్నీ నిజమే అయినా, ఇచ్చినదాన్ని వెనక్కు తీసుకోవడం గురించి ఆమె ప్రస్తావించలేదు. ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం దానం చేసినవారు తమ ఇష్టం కొద్దీ దాన్ని రద్దు చేసుకోలేరు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉన్నది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. బాగోగులు చూడాలన్న షరతుతో ఆస్తి పుచ్చుకున్నవారు ఆ మాట తప్పితే, ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లదని ప్రకటించవచ్చునన్నది దాని సారాంశం. అయితే మన దస్తావేజు లేఖరులు దానపత్రంలో రాసేదేమిటి? ‘ప్రేమాభిమానాలతో’ అన్న ఒక్క మాట. షరతు ఎక్కడా కనబడదు. అటువంటి షరతు ఉన్నట్టు చూపకపోతే ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తేల్చింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో కోర్టు చట్టాన్ని ఉదారంగా అన్వయించి, గిఫ్ట్ డీడ్ రద్దు చేసి ఇల్లు ఆమెకు తిరిగి ఇప్పించిన మాట వాస్తవమే. కాని అక్కడ, పోషిస్తానని కొడుకు విడిగా రాసిచ్చాడంటూ ఆమె చూపిన వచన పత్రం ఉన్నది.

చట్టం మన వైపే ఉన్నదనుకుందాము. కన్నబిడ్డ మీద ఫిర్యాదు పట్టుకుని, ఆ ట్రిబ్యునల్ నడిచే అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసు మెట్లెక్కే తల్లిదండ్రులు ఎందరుంటారు? నా ఓటు వీలునామాకే.

ఇందిరానగర్:
అందరూ మరణానంతరం గురించే వాదిస్తున్నారు. మా నాన్నగారికి డిమెన్షియా ముదిరిన తరువాత మాకు పనికొచ్చినవి గిఫ్ట్ డీడూ కాదు, వీలునామా కాదు. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే నా పేరిట జీపీఏ (ఆయన తరఫున వ్యవహారాలు నడిపే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసి రిజిస్టరు చేయించారు. ఆయన పరిస్థితి తెలిసిన వెంటనే బ్యాంకువారు దానిని పక్కన పెట్టారు, చట్టప్రకారం వారు చేసింది సరైనదే. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగుస్తుంది. అమెరికా, ఇంగ్లండు దేశాలలో మతి తప్పిన తరువాత కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నది. మన దేశంలో ఆ ఏర్పాటు లేదు. అంటే ఏ రోజు కోసమని జీపీఏ రాయించుకుంటామో సరిగ్గా ఆ రోజే అది చెల్లదు. డిమెన్షియా రోగి ఆస్తికి సంరక్షకులను నియమించే ప్రత్యేక చట్టం లేక హైకోర్టులో రిట్ వేయవలసి వస్తున్నది. కోమాలో ఉన్నవారి విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది.

అందుకని మీ అబ్బాయి చెప్పిన ట్రస్టును కొట్టిపారేయకండి. ట్రస్టు పెట్టినవారి మతి తప్పినా ట్రస్టీ అధికారం ఆగదు.

కోరమంగళ న్యాయవాది:
ఇందిరానగర్ గారి మాట సరైనదే, కాని అబ్బాయి గారి కారణాలు అమెరికావి. అక్కడ ప్రొబేట్ (వీలునామాను కోర్టులో ధ్రువీకరించుకోవడం) తప్పించుకోవడానికీ, కొంతవరకు ఎస్టేట్ పన్ను (మరణించినవారి ఆస్తిపై పడే పన్ను) తగ్గించుకోవడానికీ ట్రస్టులు పెడతారు. మన దేశంలో అటువంటి పన్ను, ఎస్టేట్ డ్యూటీ, 1985లోనే పోయింది. చెన్నై నగరంలో చాలాకాలం తప్పనిసరిగా ఉన్న ప్రొబేట్ బెంగళూరులో తప్పనిసరి కాదు. పైగా ఇంటిని ట్రస్టుకు బదిలీ చేయాలంటే రిజిస్టర్డ్ పత్రం కావాలి, కుటుంబ దానానికి ఉన్న రాయితీ దానికీ వర్తిస్తుందనుకుని దిగకూడదు. బిడ్డకు మానసిక వైకల్యం ఉన్న కుటుంబానికి ట్రస్టే సరైన మార్గమని నేనే చెబుతాను. ఒక్క ఇంటి కోసం అంత హంగామా అనవసరం.

పొలం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తరువాత కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉన్నది కాబట్టి, ఉమ్మడి ఆస్తిలో మీ వాటాకు మించి వీలునామా రాసినా చెల్లదు.

జయనగర్ నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. గిఫ్ట్ డీడ్‌కు నేను ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు, మల్లేశ్వరం గారు చెప్పినదే నా భయమూను. సాక్షులుగా మాత్రం మా కంటే బాగా చిన్నవారైన ఇద్దరిని, వాటాతో సంబంధం లేనివారిని, పెట్టుకుంటాను. ఆ రోజు పిల్లలిద్దరినీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దరిదాపులకు రానివ్వను. డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేస్తాను. మతి తప్పే రోజు కోసం బ్యాంకు ఖాతాలో అమ్మాయి పేరు కలిపి, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా మార్పిస్తున్నాను. అందులోని డబ్బు మీద ఆమెకు ప్రత్యేక హక్కు లేదని వీలునామాలో రాస్తే అబ్బాయికీ అభ్యంతరం ఉండదు. వైద్యం విషయంలో, చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే తెలిపే ముందస్తు ఆదేశ పత్రం వేరుగా రాస్తాను. 2023 నుంచి దానికి నోటరీ చాలు, కర్ణాటక ప్రభుత్వమూ 2025 జనవరిలో దాని అమలుకు సర్క్యులర్ ఇచ్చింది.

ఇందిరానగర్:
జాయింటు ఖాతాతో నెలవారీ ఖర్చులు గడుస్తాయి. వైద్యానికి ఇల్లు అమ్మవలసి వస్తే సంతకం ఎవరు పెడతారండీ?

మల్లేశ్వరం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
ఎవరూ పెట్టలేరు. ఆ ఒక్క పనికి హైకోర్టుకు వెళ్ళవలసిందే. అందుకనే ఇల్లు ముట్టుకోకుండా వైద్యం గడిచేంత డబ్బు ఆ ఖాతాలో ముందే ఉంచమని జయనగర్ గారికి నా సలహా.