అప్‌డేట్: కాంట్రిబ్యూటింగ్ ఫైల్ తిరగరాశాం

మా చిన్న ఓపెన్ సోర్స్ ఫాంట్ కన్వర్టర్‌కి వచ్చే పుల్ రిక్వెస్టుల్లో (కోడ్‌లో తమ మార్పులు కలపమని బయటివాళ్లు పంపే అభ్యర్థనల్లో) బగ్ ఫిక్స్, ఫార్మాటింగ్, పేర్ల మార్పులు అన్నీ కలగాపులగంగా ఉంటున్నాయని, కాంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో, అంటే మార్పులు పంపేవాళ్లకి సూచనలిచ్చే ఫైల్‌లో, గైడ్‌లైన్స్ ఎలా రాయాలని అడిగాను కదా. లినక్స్ కెర్నల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, ఎలా పంపాలో చెప్పే డాక్యుమెంట్ చూడమన్నారు. చదివాను, చాలా పనికొచ్చింది. అందరికీ థ్యాంక్స్.

అందులో చెప్పేది ఇదీ: ముందు సమస్య ఏంటో చెప్పాలి, తర్వాతే పరిష్కారం. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు. బగ్ ఏ పాత కమిట్‌తో (కోడ్ చరిత్రలో నమోదైన మార్పుతో) వచ్చిందో తెలిస్తే 'ఫిక్సెస్' లైన్‌లో దాని ఐడీలో కనీసం మొదటి 12 అక్షరాలు, శీర్షిక ఇవ్వాలి. ఈ మూడూ మేమూ తీసుకున్నాం.

నియమాల కంటే ఉదాహరణే ఎక్కువ పనిచేస్తోంది. 'బగ్ ఫిక్స్ చేశాను' అనే మెసేజ్ పక్కనే 'ఖాళీ ఫైల్ ఇస్తే కన్వర్టర్ క్రాష్ అవుతోంది, అందుకే చదివే ముందు సైజు చూస్తున్నాం' అని పెట్టాం. ఇప్పుడు చాలామంది అదే తీరులో రాస్తున్నారు, రివ్యూ చేసేటప్పుడు ప్రాణం హాయిగా ఉంది.

టెస్టులు నడిపే కమాండ్‌ని ఫైల్ మొదట్లోకి తెచ్చాం. ఫైల్ రిపో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) రూట్‌లోనే, అంటే అన్నిటికంటే పై ఫోల్డర్‌లోనే ఉంది కాబట్టి పుల్ రిక్వెస్ట్ తెరిచేవాళ్లకి, కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్ దాని లింక్ చూపిస్తుంది.

ఈ కోడ్ ఇచ్చే హక్కు తమకుందని పంపేవాళ్లు తమ పేరుతో ధ్రువీకరించే 'సైన్డ్ ఆఫ్ బై' లైన్ మాత్రం పెట్టలేదు. లినక్స్‌లో తమ యునిక్స్ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ వేసిన కేసు నేపథ్యంలో కెర్నల్‌కి 2004లో అది అవసరమైంది. మాకు ఇప్పుడే అక్కర్లేదని నా అభిప్రాయం.

విండోస్‌లో సెటప్ స్టెప్స్ ఇంకా రాయాలి. చేసినవాళ్లుంటే చెప్పండి.