మొటిమలకు తిండే కారణమా?

గోదారమ్మాయి: మా చెల్లి ఇంటర్ సెకండియర్. బుగ్గల నిండా, గడ్డం మీద మొటిమలు. వేడి చేసిందని అమ్మ గుడ్డు, మామిడిపండు, వేపుళ్ళు అన్నీ మాన్పించింది. ఎండాకాలం మొత్తం గడిచిపోయింది, రవ్వంత కూడా తగ్గలేదు. నిజంగా తిండి వల్లేనా?

ఓరుగల్లు శీను: తిండి వల్లేనండీ. మావాడు హాస్టల్లో బిర్యానీ, కూల్‌డ్రింకుల మీద బతికినన్నాళ్ళూ ముఖం పాడైంది. ఇంటికొచ్చి జొన్నరొట్టె తిన్నాక తేరుకుంది. పెద్దవాళ్ళు ఊరికే చెప్పరు.

డెర్మా పీజీ: శీనుగారూ, మీవాడికి కూల్‌డ్రింకులు మానడం పనిచేసి ఉండొచ్చు. కానీ మొదలు మాత్రం తిండి కాదు. ఈడొచ్చే వయసులో ఆండ్రోజన్లు (ఆడపిల్లల్లోనూ కొద్దిగా ఉండే పురుష హార్మోన్లు) పెరిగి చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువ జిడ్డు వదులుతాయి. రాలిన మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి వెంట్రుక కుదురును మూసేస్తాయి. లోపలుండే బ్యాక్టీరియా పెరిగి వాపు, చీము మొదలవుతాయి. ఇంట్లో అమ్మానాన్నలకు వచ్చుంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ.

ఓరుగల్లు శీను: చాక్లెట్‌కీ మొటిమలకీ సంబంధం లేదని అమెరికాలో ఎప్పుడో తేల్చేశారు, ఇప్పుడేమో చక్కెర అంటున్నారు. ఏది నమ్మాలి?

డెర్మా పీజీ: న్యాయమైన ప్రశ్న. 1969 నాటి ఆ అధ్యయనంలో 65 మంది. చాక్లెట్‌తో పోలిక కోసం ఇచ్చిన చాక్లెట్ లేని మిఠాయి బిళ్ళలోనూ కొవ్వు, చక్కెర ఉన్నాయి, ఇక తేడా ఎలా కనిపిస్తుంది? 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది కుర్రాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రక్తంలో చక్కెర త్వరగా పెంచని తిండి 12 వారాలు పెట్టారు. వాళ్ళకే ఎక్కువ తగ్గాయి. కాబట్టి తీపి తగ్గించడంలో అర్థముంది. గుడ్డు మాన్పించడంలో మాత్రం లేదు, ఎదిగే పిల్లకు అది కావాలి.

గోదారమ్మాయి: మెడికల్ షాపతను ఇచ్చిన క్రీము రాస్తే వారంలో తెల్లగా, నున్నగా అయింది. మానగానే రెట్టింపు వచ్చాయి.

డెర్మా పీజీ: ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి పేరుందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. ముఖానికి రాస్తే చర్మం పలచబడి వాటివల్లే కొత్త మొటిమలొస్తాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా అమ్ముతున్నారు, అదే నా బాధ. ట్యూబు పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. నెలసరి సరిగా రాకపోయినా, గడ్డం మీద వెంట్రుకలొస్తున్నా తప్పకుండా చెప్పండి, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూస్తారు. నుదుట జుట్టు అంచునే చిన్న పొక్కులుంటే తలనూనె తగ్గించాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందు రాయమంటే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. అది తగిలితే బట్టల రంగు వెలిసిపోతుంది కనుక దిండుకు తెల్ల గలీబు వేయండి.