సమస్యాపూరణం: “మూగవాఁడు పాడె ముచ్చటగను”

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

మూగవాఁడు పాడె ముచ్చటగను

మాట రానివాడు పాడటమేమిటి? ముందు మూడు పాదాలు రాసి ఆ చిక్కు విప్పడమే పూరణ. పురాణాల దాకా వెళ్లకపోయినా పర్వాలేదు. ఇంట్లోనో ఆఫీసులోనో హాస్టల్లోనో ఈ మధ్య మీ మనసును తాకినది పద్యంలోకి వస్తే చాలా సంతోషిస్తాను. కొత్తవాళ్ల కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణమంటే గలం (గురువు, లఘువు) లేదా నగణం (మూడు లఘువులు). నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన. లెక్క గుర్తుండకపోతే “విశ్వదాభిరామ వినురవేమ” అని పైకి చదువుకోండి, నడక అదే పట్టుబడుతుంది.

— నిర్వాహకుడు

విజయనగరం మాస్టారు:

సైగతోడఁ దెలుపు సంగతు లెవ్వాఁడు?
కొమ్మపైన నేమి కోకిలమ్మ
చేసెఁ? బలుకు నెట్లు చిన్నారి పాపాయి?
మూగవాఁడు పాడె ముచ్చటగను.

నిర్వాహకుడు: మూడు ప్రశ్నలు, చివరి పాదంలో వరసగా మూడు జవాబులు. క్రమాలంకారం చక్కగా కుదిరింది మాస్టారూ. యతి విషయంలో ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. మీ నుంచి ఇంకొకటి కావాలి, ఈసారి మీ ఇంటి కబురు చెప్పేది.

విజయనగరం మాస్టారు: అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఇది మా నాన్నగారి మీద. ఇంట్లో ఆయన ఉన్నట్టే తెలిసేది కాదు. సాయంత్రం భజన మందిరంలో మాత్రం తాళం అందుకున్నారంటే వీధి చివరికి వినిపించేది.

ఇంట నున్నయంత యెవరితోఁ బలుకని
తండ్రి గొంతు విప్పెఁ దనివితీర;
పాటపిచ్చి యున్న పదుగురి నడుమను
మూగవాఁడు పాడె ముచ్చటగను.

నిర్వాహకుడు: మొదటి పూరణ మీ నేర్పు చూపించింది. ఇది మిమ్మల్ని చూపించింది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. “పాటపిచ్చి” అన్న మాట లేకపోతే మూడో పాదం మామూలుగా పోయేది. ఇంట్లో మాట్లాడని మనిషికి ఆ పదుగురూ ఎందుకు దగ్గరయ్యారో ఆ ఒక్క మాట చెప్పేస్తోంది.

వరంగల్ తమ్ముడు: అన్నా, నేను సమస్యనే విరిచేశాను. మా హాస్టల్లో నిజంగా జరిగిందే.

తాను కట్టుకొన్న తనయూరి పాటను
హాస్టలందు నొక్కఁ డందుకొనఁగ
గదులలోనివారు గబగబ పరుగున
మూగ, వాఁడు పాడె ముచ్చటగను.

తెనాలి అక్కయ్య: భలే! జనం మూగడమా! కానీ ఇలా విరవడం సమస్య నుంచి తప్పించుకోవడం కాదా?

నిర్వాహకుడు: కాదు అక్కయ్యా. విరుపు అవధాన సభల్లో ఎప్పటి నుంచో చెల్లుతున్న దారే. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న పాత సమస్యను తెనాలి రామకృష్ణుడు విరాటుని కొలువులో పాండవులకు అన్వయించాడని చెప్పుకుంటాం కదా. అక్కడ సందర్భం మారింది, ఇక్కడ పదం విరిగింది. కుదిరిందా లేదా అన్నదే చూడాలి, ఇక్కడ కుదిరింది. రెండో పాదంలో హాస్టల్ “హా”కు “అందుకొనఁగ”లోని అకారంతో యతి సరిపోయింది. ఒక్కటే కొరత: ఆ పాట ఏ ఊరిదో, దేని గురించో పద్యం చెప్పలేదు. చెరువు గురించో, బతుకమ్మ గురించో ఒక్క ముక్క పడితే చదివేవాళ్లం కూడా గదిలోంచి బయటికి వచ్చేవాళ్లం.

తెనాలి అక్కయ్య: మా తమ్ముడికి పుట్టుకతో మాట రాదు. స్టీలు గ్లాసు మీద, గోడ మీద, చివరికి నా భుజం మీద కూడా వేళ్లతో తాళం వేస్తూనే ఉండేవాడు. వేణువు నేర్పించాం. ఇప్పుడు మోహన రాగం వాయిస్తుంటే పక్కింటివాళ్లు టీవీ సౌండ్ తగ్గిస్తారు. ఈ సమస్య చూసిన వెంటనే వాడే గుర్తొచ్చాడు. మూగ అన్న మాట నవ్వులాటకు వాడకుండా రాయాలనుకున్నాను.

వేణువందు నింపె వేదన నంతయు
గాలి మాటలాయె గాయకునకు
వేలికొసల నుండి విరిసెను రాగాలు
మూగవాఁడు పాడె ముచ్చటగను.

నిర్వాహకుడు: అక్కయ్యా, మీ పద్యంలో సమస్య తనంతట తానే తీరిపోయింది. విరుపు అక్కర్లేదు, ప్రశ్నలు అక్కర్లేదు. మూడో పాదం ఈ వారం వచ్చినవాటిలో మేలైన పాదం. స్టీలు గ్లాసు మీద ఆడిన వేళ్లే అందులో ఉన్నాయి. రెండో పాదం మాత్రం మార్చాలి. “గాలి మాటలు” అనగానే పుకార్లు గుర్తొస్తాయి. పైగా “గాయకుడు” అని ముందే అనేస్తే నాలుగో పాదంలో “పాడె” అన్నప్పుడు కలగాల్సిన ఆశ్చర్యం తగ్గుతుంది. “గాలి పలుకులాయె గానమునకు” అంటే ఎలా ఉంటుంది?

తెనాలి అక్కయ్య: బాగుంది, అలాగే ఉంచేయండి. “వేదన” కూడా తీసేయాలా అని ఆలోచిస్తున్నాను. వాడు వాయించేటప్పుడు బాధగా కనిపించడు.

నిర్వాహకుడు: అయితే తప్పక మార్చండి. “వేణువందు నింపె వేడుక నంతయు” అన్నా గణం, యతి రెండూ నిలుస్తాయి. మీ తమ్ముణ్ణి చూసినవారు మీరు, మీ మాటే సరైనది.

డాలస్ చెల్లెమ్మ: నమస్తే అన్నయ్యా, ఇదే నా మొదటి పద్యం. తప్పులుంటే దిద్దండి. మా ఆయన సోమవారం నుంచి శుక్రవారం దాకా ల్యాప్‌టాప్ ముందే. ఈ ఆదివారం వంటింట్లోకి వచ్చి ఉల్లిపాయలు తరుగుతూ ఏదో పాత పాట అందుకున్నారు. కళ్లలో నీళ్లు, నోట్లో పాట!

వారమంత టెన్షన్ భారాలు మోసిన
మాటలేని మగఁడు మనసు విప్పె
నుల్లిపాయ తరిగె నుత్సాహమున నేఁడు
మూగవాఁడు పాడె ముచ్చటగను.

నిర్వాహకుడు: మొదటి పద్యమా? మూడు పాదాలు నిక్షేపంలా ఉన్నాయమ్మా. చిక్కు మొదటి పాదంలో మూడో గణం దగ్గరే. అక్కడ గలమో నగణమో రావాలి. “టెన్షన్” రెండూ గురువులే. కానీ ఆ మాట వదులుకోవద్దు, మీ ఇంట్లో వాడే మాట అది. “టెన్షన్లు” అంటే నికార్సైన త గణం, ఇంద్రగణాల్లో ఒకటి. దాన్ని ఐదో చోటికి పంపండి:

వారమంత మోసి భారాలు టెన్షన్లు

వా, భాలకు యతి చెల్లుతుంది.

విజయనగరం మాస్టారు: అమ్మా, ఆటవెలదిలో టెన్షన్లు ఇంత హాయిగా కూర్చోవడం నేను ఇప్పుడే చూశాను. ఉల్లిపాయ పాదం మా ఆవిడకు చదివి వినిపించాను, మళ్లీ చదవమంది.

డాలస్ చెల్లెమ్మ: ధన్యవాదాలు మాస్టారూ! మా ఆయనకు చూపించాను. “మూగవాణ్ణి అంటావా” అన్నారు గానీ, పద్యం కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించారు.

గుంటూరు అన్నగారు: ఆలస్యంగా వచ్చాను. పుట్టుమూగ అయినా కామాక్షి దయతో కవి అయ్యాడని చెప్పుకునే మూకకవి కథ ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి:

కంచి కామకోటి కామాక్షి కరుణతో
మాట పుట్టె నోట మధురఫణితి
నయిదునూర్ల పద్య మమృతమై ప్రవహింప
మూగవాఁడు పాడె ముచ్చటగను.

నిర్వాహకుడు: ధార బాగుంది అన్నగారూ. ఆయన స్తోత్రం మూకపంచశతి ఐదు శతకాలు కాబట్టి లెక్క కూడా సరిపోయింది.

వచ్చే సమస్య తేటగీతిలో. శనివారం రాత్రి దాకా గడువు. చెల్లెమ్మా, ఈసారి మీ పూరణ ముందు రావాలి:

పంచినకొలఁది నిండెను పాలకుండ