పధ్నాలుగేళ్ల పిల్లవాణ్ణి సైనిక కోర్టులో నిలబెట్టవచ్చా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు):

గత వారం వేరే చర్చలో ఒక మిత్రుడు చేసిన వాదన నన్ను ఇంకా వదలలేదు. వెస్ట్ బ్యాంక్‌లోని పాలస్తీనా పిల్లల కోసం ఇజ్రాయెల్ 2009లోనే ప్రత్యేక బాలల సైనిక కోర్టు పెట్టిందనీ, 2011లో మేజరు వయసును 16 నుంచి 18 ఏళ్లకు పెంచిందనీ, అరెస్టయిన బాలుణ్ణి జడ్జి ముందు హాజరుపరచే గడువును 2013లో తగ్గించిందనీ, ఇంత చేశాక కూడా తప్పుపట్టడం పక్షపాతమేననీ ఆయన అన్నారు. ఆ తేదీలన్నీ సరైనవే, వాటిపై నాకు పేచీ లేదు. అయితే ఆ సంస్కరణల్లో చాలావరకు కోర్టుకు సంబంధించినవి. ఈ పిల్లల కేసు తేలిపోయేది మాత్రం కోర్టు గుమ్మం తొక్కకముందే.

1967లో ఇజ్రాయెల్ ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్‌లో అప్పటి నుంచి పాలస్తీనీయులపై సైనిక ఉత్తర్వులు అమలవుతున్నాయి. పన్నెండేళ్లు నిండితే అరెస్టు చేయవచ్చు. మనిషి మీదికి రాయి విసిరితే గరిష్ఠంగా 10 ఏళ్లు, కదిలే వాహనం మీదికి విసిరితే 20 ఏళ్లు జైలు విధించడానికి వీలుంది. ఏటా సుమారు 700 మంది పిల్లలు, అంటే సగటున రోజుకు ఇద్దరు, ఈ వ్యవస్థలోకి వస్తున్నారని యూనిసెఫ్ 2013లో లెక్క కట్టింది. వారి పట్ల దుర్వ్యవహారం అక్కడక్కడా జరిగే పొరపాటు కాదనీ, అరెస్టు నుంచి శిక్ష దాకా వ్యవస్థలోనే పాతుకుపోయిందనీ ఆ నివేదిక తేల్చింది.

ఈ అరెస్టులపై వచ్చిన నివేదికలు వర్ణించే క్రమం దాదాపు ప్రతిసారీ ఒకటే. నడిరాత్రి తలుపు దబదబా కొడతారు, ఇంటిల్లిపాదినీ నిద్ర లేపుతారు, పిల్లవాడి చేతులకు ప్లాస్టిక్ పట్టీ బిగించి కళ్లకు గంతలు కట్టి జీపు ఎక్కిస్తారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో చాలాసార్లు తల్లిదండ్రులకు చెప్పరు. తెల్లవారాక నిద్ర లేకుండా, వకీలు లేకుండా, పక్కన అమ్మానాన్నలు లేకుండా ఆ పిల్లవాణ్ణి ప్రశ్నిస్తారు. చివరికి అతని ముందు పెట్టి సంతకం చేయించే కాగితం తరచుగా హీబ్రూలో ఉంటుంది. పిల్లవాడికి వచ్చినది అరబీ. కోర్టులో ప్రధాన సాక్ష్యం ఆ కాగితమే అవుతుంది.

సరిహద్దు సిపాయి:

మీరు రాత్రి తలుపు చప్పుడు దగ్గర మొదలుపెట్టారు, నేను హైవే దగ్గర మొదలుపెడతాను. 2013 మార్చిలో అరియెల్ పట్టణం దగ్గర 5వ నంబరు రహదారిపై రాళ్లదాడి వల్ల జరిగిన ప్రమాదంలో ఒక తల్లి, ఆమె ముగ్గురు కూతుళ్లు ఉన్న కారు నుజ్జునుజ్జయింది. మూడేళ్ల కూతురి తలకు తీవ్రమైన దెబ్బ తగిలింది. ఆ పాప రెండేళ్లు మంచాన ఉండి 2015 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆ కేసులో హారిస్ గ్రామానికి చెందిన అయిదుగురు అబ్బాయిలకు 15 ఏళ్ల చొప్పున శిక్ష పడింది. అరెస్టయినప్పుడు వాళ్లందరూ 16, 17 ఏళ్లవాళ్లే. అంటే రాయి ఆటవస్తువు కాదు. అదే 2015 అక్టోబరులో పదమూడేళ్ల పిల్లవాడు తన అన్న వరుసైన మరో బాలుడితో కలిసి కత్తులు పట్టుకుని బయల్దేరాడు, పదమూడేళ్ల ఇజ్రాయెలీ బాలుడు కొనప్రాణంతో బయటపడ్డాడు. ఇలాంటి వాళ్లను అరెస్టు చేయకుండా ఏం చేయమంటారు? పగటిపూట ఊళ్లోకి వెళితే అదే మరో ఘర్షణ అవుతుంది, అందుకే రాత్రి వెళతామని సైన్యం చెబుతోంది.

ఇంకొక మాట. ఆక్రమిత ప్రాంతంలో సైనిక కోర్టులు ఉండవచ్చని యుద్ధకాలంలో పౌరుల రక్షణ కోసం చేసుకున్న నాలుగో జెనీవా ఒప్పందంలోని 66వ అధికరణమే చెబుతోంది. రేపు ఇజ్రాయెల్ అక్కడ తన పౌర చట్టాన్ని అమలు చేస్తే, ఆ ప్రాంతాన్ని కలిపేసుకుంటున్నారని గగ్గోలు పెట్టేది కూడా మీరే.

పాత బస్తీ ప్లీడరు:

66వ అధికరణం విషయంలో మీతో ఏకీభవిస్తాను, అది బలమైన వాదన. అయితే అదే ఒప్పందంలో 76వ అధికరణం కూడా ఉంది. నిందితులను ఆక్రమిత ప్రాంతంలోనే నిర్బంధించాలనీ, శిక్షా అక్కడే అనుభవించాలనీ అది స్పష్టంగా చెబుతుంది. ఈ పిల్లలను ఉంచే మెగిద్దో, దామోన్ జైళ్లు రెండూ ఇజ్రాయెల్ లోపల ఉన్నాయి. కొడుకును చూడాలంటే తల్లి పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టుకుని వారాల తరబడి ఎదురుచూడాలి. ఒప్పందంలో మనకు అక్కరకొచ్చే అధికరణాన్ని చూపించి, పది అధికరణాల తర్వాత ఉన్నదాన్ని దాటేయడం కుదరదు.

కత్తుల కేసు ఇక్కడికి సరిపోదు. అది జరిగింది తూర్పు జెరూసలేంలోని పిస్‌గాత్ జెయెవ్‌లో. ఆ బాలుణ్ణి విచారించింది ఇజ్రాయెల్ పౌర కోర్టు, సైనిక కోర్టు కాదు.

ఇక హారిస్ కేసు. ఆ పాప మరణం గురించి చదివినప్పుడు నాకూ కడుపు తరుక్కుపోయింది. అయితే అది సాక్ష్యాలను వడగట్టి ఇచ్చిన తీర్పు కాదు, నేరం ఒప్పుకునే బేరంతో ముగిసింది. వాంగ్మూలాలు ఎలా తీసుకున్నారన్నది చివరిదాకా కోర్టులో పరీక్షకే రాలేదు. కాబట్టి ఆ రాళ్లు విసిరినది ఎవరన్న ప్రశ్నకు బహిరంగ విచారణలో నిగ్గు తేలిన జవాబు ఆ పాప తల్లికి కూడా దక్కలేదు.

ఆ బేరం ఎలా పనిచేస్తుందో క్రిమినల్ కోర్టుల్లో తిరిగినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. బెయిలు దొరకదు. విచారణకు పట్టే కాలం పడబోయే శిక్ష కంటే ఎక్కువ. తప్పు చేసినా చేయకపోయినా ఇంటికి వెళ్లే దగ్గరి దారి నేరం ఒప్పుకోవడమే. సైనికుణ్ణి చెంపదెబ్బ కొట్టిన వీడియోతో ప్రపంచానికి తెలిసిన అహద్ తమీమీకి 16 ఏళ్ల వయసులో బెయిలు నిరాకరించారు. ఆమె విచారణ బహిరంగంగా జరగాలని కోరితే కోర్టు తలుపులు మూసేశారు. చివరికి ఒప్పందం కుదుర్చుకుని ఎనిమిది నెలల శిక్ష పొంది 2018 జులైలో విడుదలైంది. 2005 నుంచి 2010 వరకు రాళ్ల కేసుల్లో విచారించిన 835 మంది మైనర్లలో నిర్దోషిగా బయటపడింది ఒక్కరేనని ఇజ్రాయెల్‌కే చెందిన మానవ హక్కుల సంస్థ బెత్‌సెలెం లెక్క తీసింది. నేను ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఏ కోర్టులోనూ అలాంటి నిష్పత్తి చూడలేదు.

తూర్పుగాలి:

ఒక చిన్న అనుబంధం. అదే కొండ మీద, అదే రోజు, అదే వయసు ఇజ్రాయెలీ సెటిలర్ (ఆక్రమిత ప్రాంతంలో స్థిరపడిన ఇజ్రాయెలీ) పిల్లవాడు రాయి విసిరితే అతనికి వర్తించేది ఇజ్రాయెల్ పౌర చట్టం. విచారణలో తల్లిదండ్రులు పక్కన ఉండే వెసులుబాటు సహా బాలల చట్టం ఇచ్చే రక్షణలన్నీ అతనికి ఉంటాయి. పౌర చట్టం వర్తింపజేస్తే ఆ ప్రాంతాన్ని కలిపేసుకున్నట్టు అవుతుందన్న వాదన సెటిలర్ల దగ్గర ఎందుకు వర్తించడం లేదో సరిహద్దు సిపాయి గారు చెప్పాలి.

మన జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కూడా కఠినమైనదే. ఘోర నేరాల్లో 16 ఏళ్లు దాటినవారిని పెద్దవారిగా విచారించవచ్చని అందులో ఉంది. అయినా పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు, ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. వెస్ట్ బ్యాంక్‌లో జడ్జి ముందు హాజరుపరచే గడువు తగ్గించిన తర్వాత కూడా 14, 15 ఏళ్లవారికి 48 గంటలు, 16, 17 ఏళ్లవారికి 96 గంటలు.

సరిహద్దు సిపాయి:

సెటిలర్ల ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదని ఒప్పుకుంటాను. ఈ ఆరోపణలు ఎవరు చేస్తున్నారో కూడా చూడాలి కదా. పిల్లల వాంగ్మూలాలు ఎక్కువగా సేకరించేది డిఫెన్స్ ఫర్ చిల్డ్రన్ సంస్థ పాలస్తీనా విభాగం. ఇజ్రాయెల్ దాన్ని 2021 అక్టోబరులో ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది.

కృష్ణాతీరం:

సరే, ఆ సంస్థను పూర్తిగా పక్కన పెడదాం. బ్రిటన్ విదేశాంగ శాఖ నిధులతో, మాజీ అప్పీలు కోర్టు న్యాయమూర్తి స్టీఫెన్ సెడ్లీ నాయకత్వంలో వెళ్లిన న్యాయవాదుల బృందం 2012లో నివేదిక ఇచ్చింది. గోధుమరంగు జైలు దుస్తుల్లో, కాళ్లకు గొలుసులతో పిల్లలు వెస్ట్ బ్యాంక్‌లోని ఓఫర్ సైనిక కోర్టుకు రావడం ఆ బృందం కళ్లారా చూసి రాసింది. యూనిసెఫ్ నివేదికను ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ కొట్టిపారేయలేదు, సిఫారసుల అమలుకు కృషి చేస్తామంది. రాత్రి అరెస్టులకు బదులు సమన్లు ఇచ్చే పద్ధతిని 2014లో సైన్యమే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. సమస్యే లేకపోతే ఆ ప్రయోగం ఎందుకు?

గాజా యుద్ధం మొదలైన 2023 అక్టోబరు తర్వాతి పరిస్థితి ఇంకా దారుణం. రెడ్‌క్రాస్ జైలు సందర్శనలు ఆగిపోయాయి. సిల్వాద్‌కు చెందిన 17 ఏళ్ల బాలుణ్ణి 2024 సెప్టెంబరులో పట్టుకెళ్లారు. నేరం రుజువు కాకుండానే 2025 మార్చిలో అతను మెగిద్దో జైల్లో చనిపోయాడు. కుటుంబం తరఫున శవపరీక్షను గమనించిన ఇజ్రాయెలీ వైద్యుడు, ఆ బాలుడి శరీరంలో కొవ్వు, కండ దాదాపు కరిగిపోయాయనీ ఒంటినిండా గజ్జి ఉందనీ రాశాడు. ఖైదీలకు సరిపడా తిండి పెట్టడం లేదని 2025 సెప్టెంబరులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ఈ మాట అన్నది శత్రువులు కాదు.

సరిహద్దు సిపాయి:

తిండి విషయంలో వాదించను. ఖైదీని, అందులోనూ పిల్లవాణ్ణి, పస్తు పెట్టడానికి ఏ భద్రతా కారణమూ చాలదు. సైనిక కోర్టులు రద్దు చేయాలంటే మాత్రం ఒప్పుకోను. వకీలును ముందే కలవనివ్వండి, విచారణ గదిలో కెమెరా పెట్టండి, వాంగ్మూలం అరబీలో రాయించండి. అంతవరకు మీతో ఉంటాను.

పాత బస్తీ ప్లీడరు:

మైనర్ల విచారణను వీడియో తీయాలని, వారికి తెలిసిన భాషలో జరపాలని 2014లోనే సైనిక ఉత్తర్వు వచ్చిందండీ. భద్రతా నేరాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. రాయి విసరడాన్ని వాళ్లు భద్రతా నేరాల్లోనే లెక్కవేస్తారు.